నలభై ఒక్క గొంతులు

శనివారం ఉదయం పదకొండూ ఇరవైకి నేను కుసుమగుడ పోలీస్ స్టేషన్ మెట్లెక్కాను. నిన్న పట్టుకున్న సుక్రుని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లే జీపు మూడింటికి బయల్దేరుతుంది. అంటే నా చేతిలో ఉన్నది మూడు గంటల నలభై నిమిషాలు.

మెట్ల మీద ఒక కొండ స్త్రీ చంటిపిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. సుక్రు భార్య సొంబారి. నా చేతిలో బ్యాగు చూసి నేనూ గవర్నమెంటే అనుకుంది.

"మా ఇంటాయన్ని ఇయాల ఒగ్గేత్తారా బాబూ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాను.

సి.ఐ. పైడిరాజు నన్ను చూసి లేవలేదు. లేస్తాడని నేనూ అనుకోలేదు.

"ఏటి అప్పలస్వామి గారూ, టెలిఫోన్ ఆఫీసోళ్లు పెన్షన్ ఆపేశారా? కొండలెక్కి వచ్చీసారు?"

ఇరవై ఆరేళ్లు నేను టెలిఫోన్ శాఖలో తీగలు వెతికాను. తీగ ఎక్కడ తెగిందో తెలియాలంటే స్తంభం నుంచి స్తంభానికి నడవడమే, వేరే విద్య లేదు. ఉద్యోగం వదిలేసి విశాఖలో డిటెక్టివ్ బోర్డు కట్టాక కూడా అదే విద్యతో అన్నం తింటున్నాను. రెండేళ్ల కిందట ఒక బెల్లం గోదాము కేసులో పైడిరాజు పట్టుకున్న దొంగని నేను దొంగ కాదని తేల్చాను. ఆ మంట ఆయనకి ఇంకా చల్లారలేదు.

"ఆదినారాయణ మాస్టారు పంపారండి. దెబ్బలు తిన్న అమ్మాయి తండ్రి" అన్నాను.

"ఆయన కూతుర్ని తోసినోడు లోపలున్నాడు. ఇంకేటి కావాలి?"

"తోసినవాడే కావాలిట. ఎవడో ఒకడు వద్దుట."

పైడిరాజు మొహం గంటు పెట్టుకున్నాడు. ఫైలు మాత్రం నా వైపు తోశాడు. తన కేసు మీద ఆయనకంత ధీమా.

ఆ ధీమాకి కారణం లేకపోలేదు. మాస్టారి కూతురు తేజస్వి మూడేళ్లుగా ఇక్కడ 'సంత పలక' నడుపుతోంది. పన్నెండు కొండ ఊళ్లు, ఊరికొక సెల్‌ఫోన్. పంతులు బడికి రాకపోయినా, బోరు చెడిపోయినా ఆ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ వస్తుంది. తేజస్వి దాన్ని శుక్రవారం సంతలో నల్లబల్ల మీద రాస్తుంది. ఆమెతో పనిచేసే ప్రవీణ్ అదే మాటని ఆర్కుట్‌లో పెడతాడు. అక్కడ మూడు వేలమంది సభ్యులు. విశాఖలో, హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు అది చదివి ఆఫీసర్ల మీదికి ఈ-మెయిళ్లు వదులుతారు. వంద అర్జీలకి కదలని కుర్చీలు దీనికి కదిలాయి. 2008లో ఏజెన్సీలో ఇది చిన్న సంగతి కాదు.

మొన్న మంగళవారం జాముగుడ ఫోన్ నుంచి నలభై ఒక్క ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. కొండ ఊట నుంచి గొట్టాలు వేసి పెట్టిన కుళాయిల్లో నీళ్లొస్తున్నాయి, ధన్యవాదాలు అని. నలభై ఒక్క ఇళ్లు, నలభై ఒక్క పేర్లు. బుధవారం తేజస్వి స్కూటీ వేసుకుని ఒక్కతే ఆ ఊరు వెళ్లింది. కుళాయిల్లో చుక్క లేదు. తిరిగొస్తూ, దారిలో సెల్ అందే ఒకే ఒక చోటు సిగ్నల్ బండ ఎక్కి, మూడూ పదికి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, శుక్రవారం బల్ల మీద నేనో తప్పు ఒప్పుకోవాలి" అంది. ఎవరి తప్పో చెప్పలేదు.

సాయంత్రానికి బండ కింద ఇరవై అడుగుల లోతులో తల పగిలి పడి ఉంది. జాముగుడ ఆడవాళ్లు చూసి, డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. ఇప్పుడు విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉంది. మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. మందులకి తిరగడానికి, రాత్రుళ్లు కాపలా ఉండడానికి ప్రవీణ్ ఉన్నాడు కాబట్టి సరిపోయిందని మాస్టారు నాతో చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

"జాముగుడలో ఫోన్ నొక్కడం వచ్చినోడు సుక్రు ఒక్కడే" అన్నాడు పైడిరాజు. "ఆ నలభై ఒకటీ వాడి ఫోన్లోంచే వెళ్లాయి. మంగళవారం పదీ పన్నెండు నుంచి పదకొండూ ముప్పై ఒకటి వరకూ. ఎవడో చెప్పించాడు, ఈడు నొక్కాడు. అమ్మాయి వెళ్లి నిలదీసింది, తోసేశాడు. నిన్న సంతలో పట్టుకున్నప్పుడు ఫోన్ జేబులోనే ఉంది. ఇంక మీరు ఏ స్తంభం ఎక్కుతారో ఎక్కండి."

"ముందు సుక్రుతో మాట్లాడతాను."

"పది నిమిషాలు."

సుక్రుకి ముప్పై ఏళ్లుంటాయి. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషి. పోలీసుల దగ్గర అది గుణం కాదు, శాపం.

"మంగళవారం ఎక్కడున్నావు?"

"అడవిలో బాబూ. ఇటుకల పండగ కదా. శనివారం ఎల్లినాం ఏటకి. లక్ష్మివారం దిగినాం."

"ఎవరెవరు?"

"మొగోళ్లందరం. ముసిలోళ్లు కూడా."

"వేట మధ్యలో నువ్వొక్కడివే దిగి రాలేదూ?" పైడిరాజు అందుకున్నాడు.

సుక్రు ఆయన వంక జాలిగా చూశాడు. "ఏట మజ్జిలో వొచ్చినోడి మీద ఆడోళ్లు పేడనీళ్లు కుమ్మరిత్తారు బాబూ. సచ్చేదాకా పాట కట్టి పాడతారు. ఎవడొత్తాడు?"

"అందరూ ఒక ఊరోళ్లే. సాక్ష్యం అలాగే చెప్తారు" అన్నాడు పైడిరాజు నాతో.

అదీ నిజమే. అందుకని ఇంకో స్తంభానికి నడిచాను. "ఏటకి ఫోన్ తీసుకెళ్లావా?"

"లేదు బాబూ. అడవిలో ఏటి సేసుకుంటాను? ఏటకి ఎల్లే ముందర సుక్కురారం సంతలో సార్జింగుకి ఇచ్చీసినాను. నిన్న సంతలోనే తీసుకున్నాను. జేబులో ఎట్టుకున్నాను, ఈలొచ్చి పట్టుకున్నారు."

నేను పైడిరాజు వైపు తిరిగాను. "ఈ మాట మీతో చెప్పాడా?"

"లేదు."

"అడిగారా?"

ఆయన సొరుగులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. పాత నోకియా. వెనక చిన్న ప్లాస్టరు ముక్క, దాని మీద ఎర్ర స్కెచ్‌తో 'జాముగుడ - సుక్రు' అని రాసి ఉంది. జాముగుడకి కరెంటు లేదు. కరెంటు లేని ఊళ్ల ఫోన్లన్నీ సంత రోజున కుసుమగుడలో ఒకే కొట్లో బస చేస్తాయి.

ఆ కొట్టు వరహాలరావుది. చోడవరం నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడ కిరాణా నడుపుతున్నాడు. పన్నెండుంబావుకి నేనక్కడ ఉన్నాను. పైడిరాజు కూడా వెంట వచ్చాడు. నా మీద ప్రేమతో కాదు, సాక్షుల్ని నేను చెడగొడతానని అనుమానంతో.

"వారం రోజులు జాముగుడ ఫోన్ నీ దగ్గరుంది. నలభై ఒక్క ఎస్సెమ్మెస్‌లు ఎవరు కొట్టారు?" అన్నాను గల్లా ముందు నిలబడి.

వరహాలరావు తూకం రాయి చేతిలో పట్టుకుని బిగుసుకుపోయాడు. "నాకు ఫోన్ ఎత్తడం తప్ప ఏటీ రాదండి! నా మనవరాలిని అడగండి!"

"ఈ ప్లాస్టరు నీది కాదూ?"

కళ్లజోడు పైకి తోసి చూశాడు. బిగుసుకున్న మొహం కాస్తా వదులయింది. "ఇది నాది కాదు. నాకు పేర్లతో పనేటండి, నంబరే రాస్తాను. నీలం పెన్నుతో." పక్క అరలోని ఫోన్లు చూపించాడు. అన్నిటి మీదా నీలం అంకెలే. "పైగా ఆ శుక్రవారం నా ఇన్వర్టరు కాలిపోయిందండి. వచ్చినోళ్లందర్నీ సంత పలక ఆఫీసుకి పొమ్మన్నాను. వాళ్లకి సోలారుంది కదా. ప్రవీణ్ బాబే ఫోన్లన్నీ తీసుకుని పేర్లు అంటించాడు. మంగళవారం రాత్రి తెచ్చి నాకప్పగించాడు, నిన్న సంతలో నేనే ఎవరివి వాళ్లకిచ్చాను."

పైడిరాజు వెంటనే అందుకున్నాడు. "ఫోన్ ఆ ఆఫీసులో ఉంటే అమ్మాయే కొట్టి ఉండొచ్చు. ప్రవీణ్ అంటారా, బుధవారం పొద్దున్న ఫస్ట్ బస్సుకే విశాఖ వెళ్లిపోయానని స్టేట్‌మెంటిచ్చాడు."

"అమ్మాయే కొడితే ఆ కుళాయిలు చూడ్డానికి తొమ్మిది కిలోమీటర్లు ఎందుకెళ్లింది?"

"అది మీరే చెప్పాలి. డిటెక్టివు మీరు."

సంత పలక ఆఫీసు పది అడుగుల దూరం. తాళం వేసి ఉంది. ముందు గోడకి నల్లబల్ల. దాని మీద గుండ్రటి చేతిరాత చెరిగిపోకుండా అలాగే ఉంది. 'జాముగుడ సంగతి శుక్రవారం రాస్తాను.'

"మంగళవారం సాయంత్రం రాసిందండి పాప" అన్నాడు వెనకే వచ్చిన వరహాలరావు. "ఆ బాబు వచ్చి చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. లోపల ఇద్దరూ గట్టిగా మాట్లాడుకున్నారు కూడా. సోమవారం విశాఖలో పెద్ద మీటింగుందట. పెద్దపెద్ద ఆఫీసర్లొస్తారట. జాముగుడనే తెర మీద చూపిస్తారని ఊరంతా చెప్పుకున్నాడు."

నా బ్యాగులో ఆర్కుట్ పేజీ ప్రింటు ఉంది. విశాఖ నెట్ సెంటర్లో తీయించాను. 'జాముగుడలో నీళ్లు! నలభై ఒక్క గొంతులు చెప్పిన నిజం!' కింద రెండొందల పైచిలుకు అభినందనలు. ప్రవీణ్ ప్రతి ఒక్కదానికీ జవాబిచ్చాడు. నలభై ఒక్క పేర్లనీ వరసగా పెట్టాడు. నేను ఆ పేర్లు పైకి చదివాను. మంగ్లు, బుధు, భీముడు, సుక్రు...

"ఏం కనిపిస్తోందండీ?" అన్నాను పైడిరాజుతో.

"పేర్లు."

"అన్నీ మగవాళ్లవే. మంగళవారం ఆ నలభై ఒక్కమందీ అడవిలో ఉన్నారు. ఊళ్లో ఉన్నది ఆడవాళ్లు. నీళ్లు మోసేదీ వాళ్లే. ఒక్క ఆడపేరు లేదు. సుక్రు కొట్టి ఉంటే అడవిలో ఉన్న తన పేరు తనే వేసుకుంటాడా? ఇది రేషన్ కార్డుల లిస్టు ముందు పెట్టుకుని కొట్టినవాడి పని. పండగ వారంలో కొండ మీద ఎవరుంటారో, ఎవరుండరో తెలియని వాడి పని. తేజస్వికి తెలుసు. అందుకే ఆమెకి అనుమానం వచ్చింది."

పైడిరాజు బల్ల మీది అక్షరాల వంక రెండోసారి చూశాడు. "అనుమానంతో మనిషిని వదల్లేనండి" అన్నాడు. గొంతులో ఇందాకటి పొగరు లేదు.

ఆఫీసు పక్క రేకుల షెడ్డులో ప్రవీణ్ మోటార్ సైకిల్ టార్పాలిన్ కప్పుకుని ఉంది. పట్టా ఎత్తాను. ఫుట్‌రెస్టు మీద ఎర్రమట్టి ఎండి పెచ్చులు కట్టింది. ఎడమవైపు అద్దం ఉంది. కుడివైపు అద్దం లేదు.

"పదండి, సిగ్నల్ బండ చూద్దాం" అన్నాను.

ఒంటిగంటా పదికి పోలీసు జీపులో బయల్దేరాం. ఊరికి దింపుతానని సొంబారిని కూడా ఎక్కించుకున్నాను. పైడిరాజు ఏదో అనబోయి, చంటిపిల్ల తన టోపీ పట్టుకోవడంతో ఊరుకున్నాడు.

ఆరో కిలోమీటరు దగ్గర జీపు ఆగింది. రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర, దాని వెనక పదిహేనుమంది జాముగుడ ఆడవాళ్లు, చేతుల్లో పసుపునీళ్ల చెంబులు. మగవాళ్లు వేటకి వెళ్లిన దగ్గర్నుంచి పండగ ముగిసేదాకా రోడ్డు వాళ్లది. చిల్లర ఇవ్వకుండా గవర్నరు బండి వచ్చినా కదలనివ్వరు.

"పోలీసు బండి! తియ్యండెహె!" పైడిరాజు తల బయటపెట్టి అరిచాడు.

"పోలీసైతే ఏటి, పండగ లేదా?" ముందు నిలబడ్డ ముసలమ్మ రత్నాలు చెంబు ఎత్తింది. పైడిరాజు తల లోపలికి లాక్కున్నాడు.

నేను దిగి చిల్లర ఇచ్చాను. ఇస్తూ కర్ర వైపు చూశాను. కర్రకి అడవిపూల దండలు చుట్టారు. దండల మధ్య ఎండకి తళతళలాడుతూ ఒక గుండ్రటి అద్దం వేలాడుతోంది. మోటార్ సైకిల్ అద్దం. ఆత్రం చూపిస్తే ఈ మనుషులు నోరు మూసుకుంటారని నాకు తెలుసు. తాపీగా అడిగాను.

"అద్దం బాగుందమ్మా. ఎక్కడిది?"

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. రత్నాలు మాత్రం జీపు వంక చూసి మూతి బిగించింది. సొంబారి పిల్లతో కిందికి దిగింది.

"సెప్పు అత్తా. ఈ బాబు అడుగుతన్నాడు కదా."

"కంపూటర్ బాబుది" అంది రత్నాలు. "బుదవారం మద్దినేల మేడం ఎల్లింది. ఆ గుంట మంచిది, బండి ఆపి మాతో రెండడుగులు ఆడింది కూడా. ఎనకాలే ఈ బాబొచ్చినాడు. సిల్లర లేదు, బేగి ఎల్లాల, తియ్యండి అన్నాడు. పసుపునీళ్లు జల్లినాం. తెల్లసొక్కా పాడైపోనాదని తిట్టినాడు."

"తిరిగి ఎప్పుడొచ్చాడు?"

"మూడున్నర దాటిన కాడ కొండమీంచి లైన్ బస్సు దిగుద్ది. దానికి కొంచెం ముందర. మేం కర్ర అడ్డెట్టినాం. ఆగలేదు. గట్టు మీంచి సోళ్ల మడిలోకి దింపీసినాడు, బండి బోర్లా పడిపోనాది. మేమే లేవదీసినాం. సేతులు ఒకటే ఒణుకు. దెబ్బ తగిలిందా బాబూ అంటే పలకడే. అద్దం ఊడి పడిపోనాది, అది కూడా ఒగ్గేసి ఎల్లిపోనాడు."

పైడిరాజు ఎప్పుడు దిగాడో నా పక్కనే నిలబడి ఉన్నాడు. "ఆ మాట మాకెందుకు చెప్పలేదు?"

"ఎవలడిగారు?" అంది సొంబారి. గట్టిగా అనలేదు. ఆ మాట మాత్రం అందరికీ వినబడింది. "మీరొచ్చి మొగోళ్లని అడిగినారు. ఆల్లు అడవిలో ఉన్నారు. మేడాన్ని డోలీలో మోసింది మేం. రోడ్డు మీద ఉన్నది మేం. కంపూటర్ బాబు మేడం మనిసే కదా, ఎల్తే తప్పేటి అనుకున్నాం. నీల్లు వొత్తన్నాయా అని కూడా మమ్మల్ని ఎవలూ అడగలేదు. మేడం ఒక్కతే వొచ్చి అడిగింది."

నాకు సిగ్గేసింది. మూడు వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని జాముగుడ గొంతు విన్నామని చంకలు గుద్దుకున్నారు. ఆ గొంతులు నిజంగా ఉన్న చోటు ఈ వెదురు కర్ర వెనక.

"ఫస్ట్ బస్సుకి వెళ్లిపోయిన మనిషి" అన్నాను.

పైడిరాజు అద్దాన్ని కర్ర నుంచి విప్పి జేబురుమాలులో చుట్టాడు. రత్నాలు ఒప్పుకోలేదు. దానికి బదులుగా టోపీ అడిగింది. ఆయన ఏమనుకున్నాడో, టోపీ తీసి ఇచ్చేశాడు. "మూడింటి జీపు ఆపేస్తున్నాను. వాడెక్కడున్నాడిప్పుడు?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను అప్పటిదాకా వేసుకోలేదు. మూడు రోజులుగా ఆ అమ్మాయి మంచం పక్కన, మందులు తెస్తూ, రాత్రుళ్లు కాపలా కాస్తూ కూర్చున్నది వాడే. ఆమె నోరు విప్పుతుందో లేదో అందరికంటే ముందు తెలుసుకోవడానికి కూర్చున్నాడు.

"సిగ్నల్!" అన్నాను.

బండ మరో కిలోమీటరు. జీపు ఆగకముందే దూకాను. మోకాళ్లు పట్టేస్తున్నా నాలుగు కాళ్ల మీద పాకినట్టు బండ ఎక్కాను. తేజస్వి నిలబడిన చోటే నిలబడి, కింద లోయ వైపు చూడకుండా మాస్టారి నంబరు నొక్కాను. టైము రెండు గంటలకి ఎనిమిది నిమిషాలు తక్కువ. పక్కనే పైడిరాజు తన ఫోన్లో విశాఖ కంట్రోల్ రూముకి ప్రయత్నిస్తున్నాడు.

మాస్టారు మొదటి రింగుకే ఎత్తారు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

"అప్పలస్వామి గారూ! మీకే చేద్దామనుకుంటున్నాను. అమ్మాయి కళ్లు తెరిచిందండి! పావుగంటయింది. నన్ను గుర్తుపట్టింది. ఏదో చెప్పాలని చూస్తోంది, మాట రావడం లేదు. నా చెయ్యి వదలదే!"

"మీరిప్పుడు ఎక్కడున్నారు మాస్టారూ?"

"కింద క్యాంటీన్లోనండి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని ప్రవీణ్ బలవంతాన పంపాడు. నర్సుని కూడా డాక్టరు గారి కోసం పంపించాడు. నేను చూసుకుంటాను మీరు వెళ్లండి అన్నాడు. బంగారం లాంటి..."

"పరుగెత్తండి. పైకి. ఇప్పుడే. ఫోన్ ఆపకండి. ప్రవీణ్‌ని ఆమె దగ్గర ఉండనివ్వకండి."

పిల్లల చేత ప్రశ్నలడిగిస్తూ ముప్పై ఐదేళ్లు పాఠం చెప్పిన మనిషి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. కుర్చీ కింద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. చెప్పులు జారిపోయినట్టున్నాయి, తర్వాత వట్టి పాదాలు. ఒక అంతస్తు. ఎవరో 'నెమ్మదండీ' అంటున్నారు. రెండో అంతస్తు. ఆయన ఊపిరి నా చెవిలో కొలిమితిత్తిలా ఆడుతోంది. పైడిరాజు తన ఫోన్ దించి నా ఫోన్‌కి చెవి ఆనించాడు.

తలుపు మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. మళ్లీ కొట్టిన చప్పుడు. "తేజూ! ప్రవీణ్! అమ్మా తేజూ!"

ఆ తర్వాత ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"అప్పలస్వామి గారూ... లోపల గడియ వేసుందండి."